స్విచ్చు దగ్గర మనిషి

"ఆయన వస్తేగానీ వైరు ముట్టుకోనండీ," అంటూ ఎలక్ట్రీషియన్ స్టూలు లాక్కుని కూర్చుంది.

కళ్ళజోళ్ళ దుకాణం ఓనరమ్మకు ఒళ్ళు మండింది. పెద్ద ఏసీ బిగించడం అయిపోయింది, ఇక కరెంటు ఇవ్వడమే తరువాయి. ఉక్కకు తాళలేక వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు.

"మెయిన్ స్విచ్చు ఆపడానికి మీ ఆయనే కావాలా? మా తమ్ముడు లేడూ?"

"ఆపడం ఎవరైనా ఆపుతారండీ. మళ్ళీ ఎవరూ వెయ్యకుండా చూసే మనిషి కావాలి. కింద ఆ స్విచ్చుకి తాళం వేసే కొండీ విరిగిపోయింది. పక్కన జిరాక్సు కొట్టుకీ అదే స్విచ్చు. ఫ్యూజులు తీసేసినా వాళ్ళ దగ్గర వేరేవి ఉంటాయి. నా చేతులు వైర్ల మీద ఉండగా ఎవరైనా వేశారంటే ఇంక నేనుండను."

"మా వాడు చూస్తాడమ్మా!"

"మీ తమ్ముడుగారు ఫోను మోగితే బయటికి వెళ్ళిపోతారు. ఇందాకట్నుంచీ చూస్తున్నాగా."

తమ్ముడు అప్పుడు కూడా బయట ఫోన్లోనే ఉన్నాడు.

కాసేపటికి ఆయన బండి దిగాడు. ఇస్త్రీ చొక్కా, మంచి బూట్లు. పనికి వచ్చిన వాలకమే కాదు.

"ఫ్యూజులు తీసి నీ జేబులోనే పెట్టుకో," అందామె.

"తెలుసులే. నువ్వు గ్లవుజులు వేసుకో. చెయ్యి నొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

అంతే. ఆయన మెట్లు దిగి కిందికి వెళ్ళాడు. దుకాణంలో లైట్లు ఆరిపోయాయి. ఓనరమ్మకు ముచ్చటేసింది. మొగుడి చేతికి టీవీ రిమోటు ఇవ్వడానికే ఆవిడకు ధైర్యం చాలదు మరి!

లైట్లు ఆరినా ఎలక్ట్రీషియన్ వైరు ముట్టుకోలేదు. ముందు బిల్లుల కంప్యూటరుకున్న ఇన్వర్టరు ప్లగ్గులో టెస్టరు పెట్టి, వెలిగిందని చూసుకుంది. తర్వాత ఏసీ వైర్లన్నీ ఒక్కొక్కటే చూసింది. మళ్ళీ ప్లగ్గులో పెట్టింది.

"మళ్ళీ ఎందుకమ్మా?"

"పాడైపోయిన టెస్టరు కూడా కరెంటు లేదనే చెప్తుందండీ," అంటూ ఎర్తు వైరు అందుకుంది.

ఆయనకు మంచినీళ్ళిద్దామని ఓనరమ్మ కిందికి వెళ్ళేసరికి జిరాక్సు కొట్టాయన అక్కడ గొంతు చించుకుంటున్నాడు.

"ఒక్క నిమిషమయ్యా బాబూ! నాలుగు కాయితాలు తీసుకుని మళ్ళీ నేనే ఆపేస్తా. కస్టమరు నా ప్రాణం తీస్తున్నాడు!"

"పైన ఆమె చేతులు వైర్లలో ఉన్నాయండీ."

"ఫోన్ చేసి తియ్యమను!"

"ఫోన్ల మీద నమ్మకం లేదు. 'వెయ్యొద్దు' అన్న మాట మధ్యలో తెగితే 'వెయ్యి' అనే వినబడుతుంది. ఆమె వచ్చి నా ఎదురుగా నిలబడి చెప్పాలి."

కొట్టాయన తన దగ్గరున్న వేరే ఫ్యూజులు పట్టుకుని విసురుగా చెయ్యి చాచాడు. ఆయన తొయ్యలేదు, తిట్టలేదు. వెనక్కి జరిగి స్విచ్చుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా నిండా బూజు.

"నన్ను ఎత్తి అవతల పడేసి వేసుకోండి," అన్నాడు.

కొట్టాయన గొణుక్కుంటూ పోయాడు. తన కోసం ఇలా ఒక్కరైనా నిలబడ్డారా అనుకుంది ఓనరమ్మ. నిజం చెప్పొద్దూ, అసూయ కూడా పడింది.

పని ముగించుకుని ఎలక్ట్రీషియన్ దిగి వచ్చింది.

"అయిపోయింది. మూత బిగించేశా. ఎర్తు రెండుసార్లు చూశా."

"చేతులు చూపించు."

చిన్నపిల్లలా రెండు చేతులూ చాపి చూపించింది. అప్పుడుగానీ ఆయన జేబులోంచి ఫ్యూజులు తియ్యలేదు.

ఏసీ చల్లగా అందుకుంది. ఆయన తల ఊపి, బండెక్కి వెళ్ళిపోయాడు. ఓనరమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఎంత నమ్మకమమ్మా నీకు!"

"నా ప్రాణం ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా పని చేసుకుంటానండీ. ఇంకెవరి చేతిలోనూ పెట్టను."

"అదృష్టవంతురాలివి. ఇంక కాపురానికేం లోటు?"

ఆమె పనిముట్ల సంచి జిప్పు నెమ్మదిగా లాగి, భుజాన వేసుకుంది.

"పొద్దున్నే మాకు విడాకులు వచ్చాయండీ."