అట్టపెట్టెలో ఫాదర్

సోమలింగం గుద్దిన గుద్దుకు బిక్షపతి పెదవి చిట్లి, నెత్తురు చొక్కా మీదికి కారింది. అయినా సోమలింగానికి కసి తీరలేదు. గొంతు పట్టుకుని పెరటి గోడకు అదిమాడు.

"చెప్పురా! నా చెల్లె ఏది?"

"కొట్టు బావా, సంపెయ్. నీ కాళ్లు మొక్కుత, ఆ గద్దె మీద మాత్రం కాలు వెట్టకు."

సోమలింగం కిందికి చూశాడు. పాండేసర బట్టల మిల్లుల వెనక రేకుల గదుల వరసలో చివరిది బిక్షపతిది. పెరడంటే నాలుగడుగుల మట్టి, అంతే. ఆ మట్టిలో ఇప్పుడు కొత్త సిమెంటు గద్దె ఉంది. దాని మీద పసుపు, కుంకుమ, పొద్దున పెట్టిన బంతిపూలు.

"ఎల్లమ్మకు కట్టిన బావా. పద్మ తిరిగొస్తే మేకను కోస్తనని మొక్కుకున్న."

సోమలింగం పట్టు సడలింది. గబగబా చెప్పులు విప్పి, గద్దె ముందు చేతులు జోడించాడు. "తల్లీ, నా చెల్లెను చూపియ్యి" అన్నాడు. 

నెల కావస్తోంది, పద్మారాణి ఫోన్ కలవడం లేదు. కాపురానికొచ్చిన నాటినుంచి ఈ బిక్షపతి ఆమెను కొట్టని వారం లేదు. అలాంటివాడు ఇవాళ ఎదురు చెయ్యెత్తకుండా తన్నులు తింటున్నాడు, దేవతకు పూలు పెడుతున్నాడు. కొందరు మొగుళ్లకు పెళ్లాం మాయమైతే గాని బుద్ధి రాదు కాబోలు అనుకున్నాడు సోమలింగం. కొంచెం జాలి కూడా వేసింది.

"ఎవనితోని పోయింది?"

"ఎవనితోనీ గాదు. పిల్లలకు ఆదివారం జపాలు నేర్పే టీచరున్నది గదా, విజయరాణి. పిల్లను తోలనీకి పోయి పోయి పద్మ గూడ ఆళ్లల్ల కలిసింది. ఆళ్లే ఏడ్నో దాసిన్రు బావా."

ఆ మాటతో సోమలింగం ఒళ్లు మండిపోయింది. మూలనున్న ఇనుప రాడ్డు అందుకుని బయటపడ్డాడు.

రెండు గల్లీల అవతల ఒక షెడ్డులో పిల్లలు రంగుకాగితాలు చుట్టి పూసలు చేస్తున్నారు. విజయరాణి వాటిని దారానికెక్కించి జపమాల కడుతూ, పిల్లలచేత దేవమాత జపం పలికిస్తోంది. సగం మంది చర్చికి పోయేవాళ్ల పిల్లలైతే, మిగతా సగం రంగులకూ బిస్కెట్లకూ ఆశపడి వచ్చిన మగ్గాలవాళ్ల పిల్లలు. మూలన దారం కోన్లు వచ్చిన పెద్ద అట్టపెట్టె, దానికి చీరముక్క తెర. అది పాపసంకీర్తనం ఆట. పెట్టెలో కూర్చున్నవాళ్లు ఫాదర్. బయట మోకరించినవాళ్లు తప్పు చెప్పుకోవాలి, ఫాదర్ ఒక చిన్న శిక్ష వెయ్యాలి.

సోమలింగం మొదటి దెబ్బకు బల్ల విరిగింది. పూసలు నేలంతా దొర్లాయి. పిల్లలు కెవ్వుమన్నారు. రెండో దెబ్బకు అట్టపెట్టె సొట్టపడింది. అడ్డం వచ్చిన విజయరాణి ముంజేయి మూడో దెబ్బకు పటుక్కుమంది. ఆ చప్పుడు సోమలింగానికి కూడా వినిపించింది.

"ఏడ దాసినవే నా చెల్లెను?"

"నేనెందుకు దాస్తనన్నా?" విజయరాణి చేతిని పొట్టకు అదుముకుని కూలబడింది. "పోయిన నెల కన్ను వాసిపోయి వచ్చింది. మీ అన్న దగ్గరికి, కిమ్ ఊరికి పొమ్మని నేనే బస్సెక్కిచ్చిన. రాలేదా?"

సోమలింగం చేతిలోంచి రాడ్డు జారిపోయింది.

వచ్చింది. ఎందుకు రాలేదూ! "మొగుడన్నంక కొట్టడా?" అని చెంప మీద ఒకటిచ్చి, ఆ పూటే తిరుగు బస్సెక్కించింది తనే. అది తలుచుకుంటే ఇప్పుడు తన చెయ్యి తనకే అసహ్యమనిపించింది.

ఎదురింటివాళ్లు వచ్చి సోమలింగాన్ని బూతులు తిట్టి, విజయరాణిని ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. పోలీసులకు ఫోన్ చేశామన్నారు. పిల్లలు ఎటువాళ్లటు పరుగెత్తారు. సోమలింగం మాత్రం పూసల మధ్య కూర్చుండిపోయాడు. అప్పుడు సొట్టపడ్డ పెట్టెలోంచి వెక్కిళ్లు వినిపించాయి.

తెర పక్కకు జరిపాడు. లోపల మేనకోడలు భాగ్యలక్ష్మి, మోకాళ్లు ముడుచుకుని.

"బిడ్డా! దెబ్బ తాకిందా? దా, ఇంటికి పోదాం."

"రాను. నేను ఫాదర్ను. నువ్వు టీచర్ను కొట్టినవ్ మామా. తప్పు చెప్పుకో." భాగ్య తెర మళ్లీ లాగేసుకుంది.

సోమలింగం మోకరించాడు. ఏడుపు ఆగలేదు.

"టీచర్ను కొట్టిన. మీ అమ్మ నా ఇంటికొస్తే గూడ కొట్టి ఎల్లగొట్టిన. ఇప్పుడు ఆమె ఏడున్నదో తెల్వదు బిడ్డా."

తెర సందులోంచి భాగ్య కళ్లు అతణ్ణి వింతగా చూశాయి. ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. కాసేపటికి చిన్న చెయ్యి బయటికొచ్చి అతని తల నిమిరింది.

"టీచర్ చెయ్యి మంచిగయ్యేదాంక రోజూ చాయ్ చేసియ్యి."

"గంతేనా?"

"గంతే. శిక్ష చిన్నగుండాలన్నది టీచర్."

సోమలింగం కళ్లు తుడుచుకున్నాడు. ఎంతో కాలానికి గుండె కొంచెం తేలికైంది.

"మీ బాపును గూడ కూసోబెట్టాలె బిడ్డా ఇట్ల. ఎన్ని తప్పులు జేసిండో."

"కూసోబెట్టిన. మా ఇంట్ల చెద్దరు గట్టి ఆడినం. బాపు మస్తు ఏడ్సిండు."

"ఏం చెప్పిండు?"

"అది చెప్పొద్దు. తెర ఎనక ఇన్న తప్పు ఎవ్వరికీ చెప్పొద్దన్నది టీచర్."

"సరే, చెప్పకు. శిక్ష ఏమేసినవ్ మరి?"

భాగ్య కాసేపు ఆలోచించింది. శిక్ష చెప్పొద్దని టీచర్ అనలేదు.

"రోజూ అమ్మ మీద పూలు పెట్టుమన్న."