నీలవేణి బతకాలి

నీలవేణి చనిపోతుందని ముగ్గురూ ఒకే మాట చెప్పారు.

కూర్మారావు గుండె జారిపోయింది. నీలవేణి ఆయనకు చుట్టమూ కాదు, పక్కింటి మనిషీ కాదు. ఈమధ్యే వచ్చిన ఓ నవల్లో కథానాయిక. మొగుణ్ని సముద్రానికి పోగొట్టుకుని, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఊరూరా చేపలమ్మే మనిషి.

టెక్కలి గ్రంథాలయంలో రామూర్తి గారైతే ఆ ముగింపును తెగ మెచ్చుకున్నారు. "ఇటీవల ఇంత మంచి ముగింపు చదవలేదండీ. కాకపోతే నడుమ ఓ యాభై పేజీలు కోసెయ్యొచ్చు" అన్నారు.

వాణి టీచరు మండిపడింది. "ఆడది కాస్త తలెత్తుకు తిరిగితే చంపేయడమేనా? వీళ్లకి ఇంకో దారే తోచదా?"

పలాసలో జీడిపప్పు కొట్టు ఢిల్లీబాబుది వేరే గొడవ. "సచ్చిపోతే సచ్చిపోనాది మావా. తుఫానులో సేపలబుట్ట నెత్తినెట్టుకుని పరిగెట్టడమేటి? ఆ రాసినోడు ఎప్పుడైనా బుట్ట మోసినాడా అని!"

కూర్మారావుతో పుస్తకాల కబుర్లంటే ఆ ముగ్గురికీ మహా సరదా. ఆయన అడ్డు తగలడు. "ముందు మీరు సెప్పండి, నా మాట తరవాత" అంటాడు. ఎవరు ఏ ఘట్టం దగ్గర ఏడ్చారో, ఎక్కడ విసుగొచ్చి పేజీలు తిప్పేశారో, ఒక్క ముక్క పొల్లుపోకుండా వింటాడు. ఉద్దానం కొబ్బరి రైతుల్లో ఇంత సాహిత్యాభిమానిని చూడలేదని రామూర్తి గారు కనబడ్డవాళ్లందరికీ చెబుతారు.

ఆ అభిమానానికి కారణం బొడ్డమ్మ.

వారానికి మూడు రోజులు కూర్మారావుకు పలాసలో డయాలసిస్. పక్క మంచం ఆవిడది. మందస అవతల సముద్రం ఒడ్డున చేపలమ్ముకుని బతికిన మనిషి. రెండు నెలల కిందట ఓ రోజు తెగేసి చెప్పేసింది.

"నాలుగ్గంటలు ఈ గోడ సూడ్డం నా వల్ల కాదు బావా. ఇంక రాను."

కూర్మారావుకు ముచ్చెమటలు పోశాయి. అంతకుముందు ఆ మంచం మీద పడుకున్నది ఆయన తమ్ముడు సూర్యం. ఇలాగే విసిగిపోయి మానేశాడు. పదకొండో రోజున పోయాడు. ఆ మంచం మళ్లీ ఖాళీ అయితే చూసే ఓపిక కూర్మారావుకు లేదు.

మర్నాడే గ్రంథాలయం మెట్లెక్కాడు. ఆ వారం నుంచి సూది గుచ్చగానే ఒంటి చేత్తో పుస్తకం తెరుస్తాడు. బొడ్డమ్మ చెవులు రిక్కిస్తుంది. కథ మంచి పట్టులో ఉండగా టక్కున మూసేస్తాడు. "మిగతాది బుధారం. ఇక్కడే" అంటాడు. ఆవిడ తిట్టుకుంటూ వెళుతుంది. తిట్టుకుంటూనే వస్తుంది.

ఇప్పుడు మిగిలింది చివరి ఘట్టం. మంచం ఎక్కుతూనే బొడ్డమ్మ హెచ్చరించింది.

"నీలవేణి గానీ సచ్చిపోతే నాకిదే ఆకరు. దానికే లేని బతుకు నాకేటికి?"

 కూర్మారావు పుస్తకం తెరిచాడు. తుఫాను మొదలైంది. పిల్లల కోసం నీలవేణి ఒడ్డు వెంట పరిగెత్తింది. అల వచ్చి లాక్కుపోయింది. అక్కడ ఆయన ఆగాడు. దేవుడా, క్షమించు అనుకున్నాడు.

"తెల్లారేసరికి... కొబ్బరిమొద్దు పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చినాది."

బొడ్డమ్మ తల తిప్పి చూసింది.

"అబద్దం. నా మొగుణ్ని తీస్కెల్లింది అలాటి అలే. ఒక్కుల్నీ ఒదల్నేదు."

"ఇందులో ఇలాగే ఉంది."

"నీ మాట నాకొద్దు. అమ్మాయ్ తనూజా, ఇలా రా! ఆ పుస్తకం సూసి నువ్వు సెప్పు."

నర్సు తనూజ వచ్చింది. పుస్తకం అందుకుంది. తెరిచి ఉన్న పేజీ చూసింది. కూర్మారావు మొహం చూసింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండు నెలల పాట్లు ఒక్క మాటతో గంగలో కలిసిపోబోతున్నాయి.

"బతికే ఉంది మామ్మా" అంది తనూజ. "ఒడ్డుకు కొట్టుకొచ్చిందని రాశారు."

 బొడ్డమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"సరే. సోమారం కొత్త కత తే బావా. ఈపాలి ఇంకొంచెం పెద్దది."

నాలుగ్గంటలూ అయ్యాయి. ఆవిడ వెళ్లిపోయింది. ఆటో గేటు దాటిందాకా ఆగి, తనూజ రిజిస్టరు తెచ్చి ఆయన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది; కూర్మారావు ఎప్పటిలాగే ఎడమ బొటనవేలు సిరాలో అద్ది అక్కడ ముద్ర వేశాడు.