వాగు నీళ్ళకు కాకి లెక్క

కొండ మీది వాగును కింద ఎండిపోతున్న మడుగుకు మళ్ళించాలని అడవి జంతువులన్నీ సింహం దగ్గర మొరపెట్టుకున్నాయి. ఎంత లాభమో ముందు లెక్క కట్టమని సింహం కాకికి పురమాయించింది.

కాకి సభలో గొంతు సవరించుకుంది. "రోజుకు వంద కడవల నీళ్ళొస్తాయి ప్రభూ. ఆ వందా జింకలు తాగేస్తాయి. ఆ వందలోనే గేదెలు పొర్లుతాయి. ఆ వందలోనే చేపలు పెరుగుతాయి. వెరసి లాభం మూడు వందల కడవలు!"

"భేష్!" అంది సింహం.

మడుగు బురదలో నాలుక పిడచకట్టుకుపోయిన ముసలి కప్ప అడిగింది. "జింకలు తాగేశాక గేదెలు ఎందులో పొర్లుతాయి, కాకి బావా?"

"లెక్కలో పొర్లుతాయి. చదువులేని దానివి, నీకెందుకు?" అని కసిరింది కాకి.

మూడు వందల కడవలు పట్టాలి కదా అని పందికొక్కుల చేత కాలువను బాగా వెడల్పుగా తవ్వించారు. వచ్చిన వంద కడవలూ ఆ కాలువ ఇసుకలోనే ఇంకిపోయాయి. మడుగుకు చుక్క చేరలేదు. కప్ప బురదతో పాటే ఎండిపోయింది.

సింహం గుడ్లురిమింది. "ఏదిరా లాభం?"

కాకి వినయంగా తల వంచింది. "పొరపాటైంది ప్రభూ. ఇసుక తాగిన వంద కలపడం మరిచిపోయాను. మొత్తం నాలుగు వందలు!"