గాలికి లేచిన జుట్టు

"పన్నెండు కొట్టేలోగా తేల్చెయ్యమ్మా," అన్నాడు మేయర్ ఓరెస్తే. "బయట బ్యాండువాళ్లు ఎండకి మాడిపోతున్నారు."

పాత చిత్రాల గుట్టు విప్పడానికి ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన నిపుణురాలు నివేస్. భూతద్దం పట్టుకుని గోడకి తగిలించిన చిత్రంలోని మనిషినే చూస్తోంది.

ఐదు వందల ఏళ్ల నాటి చిత్రం. తల, భుజాలు మాత్రమే మిగిలాయి. మిగతాది ఎలుకలు తిన్నాయని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. ఎవరు వేశారో తెలియదు. ఎవరి బొమ్మో తెలియదు.

ఇంటావిడ, జమీందారీ వంశపు కౌంటెస్ ఇసోత్తాకి మాత్రం తెలుసు. ఆయన తద్దేయో. ముట్టడిలో ఊరిని కాపాడిన తమ వంశ పురుషుడు. కూడలికి ఆయన పేరు పెట్టించాలని ఆ జగమొండి ముప్పై ఏళ్లుగా మున్సిపాలిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. బొమ్మ ఆయనదేనని తేలితే ఇవాళే పేరు పలక మీద గుడ్డ తీస్తారు. తేలకపోతే ఎనభై ఏళ్ల వయసులో ఊళ్లో నవ్వులపాలవుతుంది.

"ఏ చేపలవాడో అయ్యుంటాడు కౌంటెస్ గారూ," మేయర్ గిల్లాడు. "ఆ ఎర్ర మొహం చూడండి."

"నీ మొహం! గుర్రం మీద దూసుకుపోతున్నాడు. అందుకే జుట్టు గాలికి లేచింది. మెడలో గొలుసు గడ్డం మీదికి ఎగిరింది. కళ్లుంటేగా నీకు కనపడ్డానికి!"

నివేస్ చిత్రాన్ని దించి బల్లమీద బోర్లా పెట్టింది. వెనక అతికించిన పాత గుడ్డని సన్నకత్తితో ఊడదీయసాగింది. ఇసోత్తా జపమాల బిగించి పట్టుకుంది.

గుడ్డ కింద మసిబారిన అక్షరాలు కనిపించాయి. నివేస్ కూడబలుక్కుని చదివింది.

"తద్దేయో. పక్కన మీ ఇంటిపేరే ఉంది."

ఇసోత్తా భోరుమంది. మేయర్ ఓటమి ఒప్పుకుని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. బ్యాండు మొదలైంది.

"వేసినవాడు గొప్పవాడే కదమ్మా?" కళ్లు తుడుచుకుంటూ అడిగింది ఇసోత్తా.

"చాలా గొప్ప చెయ్యి. కానీ సంతకం పెట్టలేదు. ఇలాంటి పనికి ఎవరూ పెట్టేవారు కాదు." నివేస్ సన్నకత్తి పక్కన పెట్టింది.

"ఎలాంటి పనికి?"

నివేస్ చిత్రాన్ని ఎత్తి తలకిందులుగా పట్టుకుంది. జుట్టూ గొలుసూ బుద్ధిగా కిందికి వేలాడాయి.

"ఊరిని శత్రువుకి అమ్మినవాడు దొరక్కుండా పారిపోతే, కాలికి తాడేసి వేలాడదీసినట్టు వాడి బొమ్మ గీయించి ఇదే కూడలిలో తగిలించేవారు కౌంటెస్ గారూ."