కుడి చెవిలో పాట

ఏడాదిగా మెర్నా తలలో ఒకటే పాట, చిన్నప్పుడు చర్చిలో పాడింది. ఇక పడలేక కెనడాలోని వినిపెగ్ నగరంలో చెవుల డాక్టరు దగ్గరికెళ్ళింది.

"ఏ చెవిలో ఎక్కువమ్మా?" పరీక్షలయ్యాక అడిగాడు డాక్టర్ ఫ్రీసెన్.

"కుడి చెవిలో. చస్తే ఊరుకోదు బాబూ!"

ఆయన నవ్వలేదు. "ఆ చెవి పూర్తిగా పోయిందమ్మా. వినడానికేమీ లేక మీ మెదడే పాడుకుంటోంది."

మెర్నా స్కూలు బస్సు నడుపుతుంది. ఆ ఉదయం కూడా పొగమంచులో రూలు ప్రకారం రైలు పట్టాల ముందు బస్సాపి, రైలొస్తోందేమోనని కుడివైపు తలుపు తెరిచి, కుడి చెవి అటు పెట్టి వింది. పాట తప్ప ఏమీ వినబడక, ముప్ఫైమంది పిల్లలతో ముందుకు పోనిచ్చింది.

పట్టాల మీద ఉండగా పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెట్టారు. అల్లరనుకుని, "నోళ్ళు మూసుకుని కూర్చోండర్రా!" అని కసిరింది.