ఫైలు నంబరు

అసలు నంబరు ఎందుకు చెప్పినట్టు? ఆ ఒక్కటీ కడుపులో దాచుకుని ఉంటే సరిపోయేది కదా.

కైరోలోని ఈ పాత దస్త్రాల హాల్లో పరిశోధకులు టీ గ్లాసు కూడా పంచుకుంటారు. ఫైలు నంబరు మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పరు.

నివీన్ చెప్పింది.

సూయజ్ కాలువ గొడవల ఏడాది, ఢిల్లీ నుంచి ఈజిప్టు రాయబారి రాసిన ఉత్తరం అది. నాలుగేళ్లు దుమ్ము మింగితే దొరికింది. ఆ సంతోషాన్ని ఒక్కతే మోయలేక, ఒకరోజు కొషరీ తింటూ నంబరు మిర్వత్ చెవిన వేసింది. ఇద్దరూ ఒకే ఏడు పరిశోధన మొదలుపెట్టిన స్నేహితురాళ్లు.

రెండు నెలలకల్లా మిర్వత్ వ్యాసం అచ్చయింది. అదే ఉత్తరం మీద. నివీన్ పేరు అడుగున చిన్నక్షరాల్లో కూడా లేదు.

"నువ్వు ఎప్పటికి రాస్తావే? నాలుగేళ్లుగా నానబెడుతున్నావుగా!" అని నవ్వింది మిర్వత్.

పళ్లు తోముకుంటున్నప్పుడు కూడా ఆ నవ్వే వినపడేది నివీన్‌కి.

శుక్ర, శనివారాల సెలవు తర్వాత ఈ ఆదివారం హాలు తెరిస్తే, ఆ ఉత్తరం ఫైలులో లేదు.

మిర్వత్ కాగితాలన్నీ మూడుసార్లు తిరగేసింది. "గురువారం నా చేతుల్లోనే ఉంది బాబాయ్! ఒట్టు!"

"ఒట్లు పైవాళ్ల దగ్గర పెట్టుకో తల్లీ," అన్నాడు గుమాస్తా షఫీక్. "నెల నుంచీ ఫైలు నీ పేరు మీదే ఉంది. నీ కార్డు ఇలా ఇయ్యి."

కార్డు పోతే ఏ దస్త్రాల హాలూ లోపలికి రానివ్వదు. డిగ్రీ పోయినట్టే.

"నువ్వయినా చెప్పవే నివీన్! నేను దొంగనా?"

జాలేసింది. విచిత్రం, కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకే మనసులో పక్కపక్కనే కూర్చోగలవని నివీన్‌కి అప్పుడే తెలిసింది.

షఫీక్ ఫిర్యాదు కాగితం ఆమె ముందు పెట్టాడు. "పక్క బల్ల దగ్గర ఉండేది మీరే కదమ్మా. సాక్షి సంతకం."

"మిర్వత్ మంచిదే బాబాయ్," అంది నివీన్ మెల్లగా. "ఏ ఒత్తిడిలో ఉందో పాపం."

సంతకం చేసింది. మిర్వత్ ఆమెను ఒక్క క్షణం చూసి, కార్డు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

నివీన్ తన బల్ల మీదున్న పత్తి ఎగుమతుల ఫైలు తెరిచి, గురువారం మిర్వత్ నమాజుకి లేచినప్పుడు తానే అందులో దాచిన ఉత్తరాన్ని ఇంకాస్త లోపలికి తోసింది.