ముసలయ్య ఓర్పు వారం

చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ముసలయ్యకి కళ్ళు గిర్రున తిరిగాయి. మామూలు రోజైతే కంచం వాకిట్లోకి ఎగిరేది, దాని వెనకే అతని కేక వీధి చివరిదాకా వెళ్ళేది. అలాంటి మనిషి గుటకేసి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, "స్తోత్రం. బాగుంది" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న భార్య సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదీ పరీక్షేనంటావా?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమోనండీ. పాస్టరమ్మగారు అన్నీ విడమరిచి చెప్పలేదు కదా" అందామె.

సంగతేమిటంటే, అల్లవరం దగ్గర ఆ ఊళ్ళో ముసలయ్యని మించిన తాపీమేస్త్రీ లేడు, అతన్ని మించిన కోపిష్టీ లేడు. ఇటుక పెట్టేటప్పుడు వెంట్రుకవాసి తేడా రానివ్వడు గానీ, మాట విసిరేటప్పుడు మాత్రం అది ఎవరికి తగులుతుందో చూసుకోడు. వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ చర్చిలో సంఘపెద్దగా చేశాడు. మందిరంలో ఆయన కూర్చున్న కుర్చీలో తనూ కూర్చోవాలని ముసలయ్యకి ఎప్పటినుంచో కోరిక. రెండుసార్లు అతని పేరు అనుకున్నారు, రెండుసార్లూ కోపమే అడ్డం పడింది. మొన్న క్రిస్మస్‌కైతే, పందిరి మీద నక్షత్రం వంకరగా కట్టారని, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా లేచి కేకలేశాడు. నక్షత్రం వంకరగా ఉన్న మాట నిజమే. అయినా ప్రార్థన మధ్యలోనా అనడం!

అందుకే ఆదివారం సాయంత్రం సూరమ్మ తెచ్చిన కబురు వినేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. ఈసారి సంఘపెద్దని ఊరికే ఎన్నుకోరట. వారం రోజులు చాటుగా ఓర్పు పరీక్షిస్తారట. ఎవరు, ఎప్పుడు, ఎలా పరీక్షిస్తారో తెలియనివ్వరట. అడిగితే అసలు పరీక్షే లేదంటారట. పాస్టరుగారి భార్య రమణమ్మగారు రహస్యంగా చెవిన వేశారని చెప్పి, ఎక్కడా అననని సూరమ్మ అతని దగ్గర మాట తీసుకుంది.

ఇక చూడాలి ముసలయ్య అవస్థ. సూరమ్మ టీవీ ముందు కూర్చుని సీరియల్ చూస్తుంటే బోరింగు దగ్గర నుంచి తను నీళ్ళు మోశాడు. ఆమె రాజోలులో చెల్లెలింటికి వెళ్ళి దీపాలు పెట్టే వేళ దాటాక తిరిగొస్తే, అన్నం వండి ఉంచి, బస్సులో సీటు దొరికిందా అని అడిగాడు. ఎవరిదో మేక వచ్చి దండెం మీది లుంగీ నములుతుంటే కర్ర తియ్యబోయి ఆగాడు. పాస్టరుగారు పంపిన మేకేమోనని తువ్వాలు కూడా దానికే వదిలేశాడు.

అసలు గండం గురువారం వచ్చింది. సూరమ్మ తమ్ముడు ఎర్రయ్య ఐ.పోలవరం నుంచి దిగాడు. మూడేళ్ళ కింద, బావ కట్టుకున్న సొంతింటి గోడ కాస్త వంగిందని ఒక్క మాట అన్నందుకు ముసలయ్య అతన్ని గడప తొక్కొద్దన్నాడు. అప్పటినుంచీ తమ్ముడి పేరెత్తితే చాలు సూరమ్మకి ముద్ద దిగేది కాదు. ఆ ఎర్రయ్య ఇప్పుడు వసారాలో మంచం మీద కూర్చుని, తల పక్కకి వాల్చి గోడకేసి చూశాడు.

"బావా, కోప్పడకు. ఇది ఇంకొంచెం వంగినట్టు లేదూ?"

ముసలయ్య చెవులు ఎర్రబడ్డాయి. పని నుంచి అప్పుడే వచ్చాడేమో, చేతిలో తాపీ ఉంది. సూరమ్మ ఊపిరి బిగబట్టింది. ముసలయ్య నాన్నగారి కుర్చీని తలుచుకున్నాడు. తాపీ మెల్లగా కింద పెట్టాడు.

"ఆయ్, వంగే ఉంటుందిలే ఎర్రయ్యా. ఆదివారందాకా ఉండి వెళ్ళు" అన్నాడు.

సూరమ్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం చూసి, ఉల్లిపాయలు తరుగుతోంది కాబోలు అనుకున్నాడు.

ఆదివారం రానే వచ్చింది. పాస్టరు ఏసుదాసుగారు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చి, అది తేలేదని రమణమ్మగారి మీద మందిరం మెట్ల దగ్గరే చిర్రుబుర్రులాడారు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి ఓర్పు గురించి చక్కటి ప్రసంగం చేశారు. చివర్లో, వారం రోజులుగా ఊరంతా ముసలయ్యగారి మార్పు గురించే చెప్పుకుంటోందనీ, సంఘపెద్దగా ఆయన్నే ఉండమంటున్నామనీ ప్రకటించారు. నాన్న కుర్చీలో కూర్చోగానే ముసలయ్యకి దుఃఖం ఆగలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి చెయ్యి పట్టుకుని, "పరీక్షలు గట్టిగానే పెట్టేరండీ, అయ్యగారూ. ముఖ్యంగా ఆ మేక" అన్నాడు.

"ఏ పరీక్షలండీ? మేకేంటండీ?"

"ఆయ్, అలాగే అనండి. నేనెవరితోనూ అనను" అని ముసలయ్య కన్ను గీటాడు.

మధ్యాహ్నం పాస్టరు దంపతులు భోజనానికి వచ్చారు. మింగిన కోపమంతా సోమవారం పొద్దున్నే ఎవరెవరి మీద తీర్చుకోవాలో ముసలయ్య ముందే అనుకుని ఉన్నాడు. మొదట ఎర్రయ్య, తర్వాత మేకగలాయన, ఆ తర్వాత ఉప్పు సంగతి. తీరా చూస్తే ఎర్రయ్య నవ్వుతూ వడ్డిస్తున్నాడు. పెళ్ళైన కొత్తలో పాడినట్టు సూరమ్మ లోపల కూనిరాగం తీస్తోంది. పులుసులో ఉప్పు కూడా సరిగ్గా కుదిరింది. ఇక ఎవర్ని తిట్టాలో అతనికి తోచలేదు. పోనీలే, సోమవారం కూడా ఇలాగే గడిపేద్దాం అనిపించింది.

పాస్టరుగారు మాత్రం ముద్దముద్దకీ కళ్ళజోడు గొడవే ఎత్తుతున్నారు. ఆయనకి మజ్జిగ తెద్దామని లేచిన ముసలయ్య వంటింటి గుమ్మం దగ్గర టక్కున ఆగిపోయాడు. లోపల రమణమ్మగారు సూరమ్మ రెండు చేతులూ పట్టుకుని బతిమాలుతున్నారు.

"సూరమ్మగారూ, ఇలాంటి పరీక్షే ఒకటి మా అయ్యగారిక్కూడా పుట్టించి పెట్టరా?"